వైల్డ్ టర్కీ 101: మంట దాటి రుచి దాకా నా అనుభవం

మనవాళ్ళలో అమెరికన్ విస్కీ అంటే జాక్ డేనియల్స్, అది కూడా కోక్‌లో కలిపి. ఆ మెట్టు దాటినవాళ్ళు నేరుగా స్కాచ్ సింగిల్ మాల్ట్‌కి వెళ్ళిపోతారు, మధ్యలో బర్బన్ అని, మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ ఒకటుందని పట్టించుకునేవాళ్ళు తక్కువ. నేనూ ఆ బ్యాచ్‌లోవాణ్ణే. 2024 అక్టోబరులో వైల్డ్ టర్కీ 101 అనే బర్బన్ సీసా ఒకటి కొని, దాన్ని పట్టుకుని 2025 ఆగస్టు దాకా వేలాడాను. మొదట్లో గొంతు మండింది, మధ్యలో బోర్ కొట్టింది, చివరికి మా నాన్నని వెంటేసుకుని అది తయారయ్యే ఊరికే వెళ్ళొచ్చాను. ఎంత టైమ్ పట్టింది, ఎంత ఖర్చయింది, ఏది పనికొచ్చింది, ఏది ఉత్త హడావిడి అనేది రాస్తున్నా. తాగనివాళ్ళని తాగమని చెప్పడానికి కాదు, ఇప్పటికే శనివారం ఒక పెగ్గు వేసే అలవాటున్నవాళ్ళ కోసం.

2024 ఆగస్టులో మేం న్యూజెర్సీ నుంచి ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటి పక్కనున్న మేసన్‌కి మారాం. ఇక్కడ తెలుగువాళ్ళకి కొదవలేదు, కరివేపాకు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. కొత్తగా అనిపించింది ఒక్కటే. అరగంట కిందికి వెళ్ళి ఒహాయో నది దాటితే బర్బన్‌కి పుట్టిల్లయిన కెంటకీ, కాబట్టి సోమవారం పొద్దున ఆఫీసులో కబుర్లు సగం బర్బన్ గురించే ఉంటాయి. మా టీమ్‌లో గ్రెగ్ అని రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన ఉన్నాడు. ఎక్కడ మొదలెట్టాలి అని అడిగితే ఏదో ఖరీదైన పేరు చెప్తాడనుకున్నా. "వైల్డ్ టర్కీ 101 కొనుక్కో, అది అయ్యేదాకా ఇంకో సీసా జోలికి పోకు" అన్నాడు. ఇంకేం చెప్పలేదు, "లేబుల్ మీద ప్రూఫ్ చూసి కొను" అని తప్ప.

ప్రూఫ్ చూడమని ఎందుకన్నాడో షాపుకెళ్ళాక అర్థమైంది. ఒహాయోలో లిక్కర్ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. లైసెన్స్ ఉన్న ఏజెన్సీ షాపుల్లోనే అసలు సరుకు అమ్ముతారు, ధర రాష్ట్రమంతా ఒకటే. మామూలు సూపర్ మార్కెట్లలో కూడా తెలిసిన బ్రాండ్ల సీసాలు వరసగా పేర్చి ఉంటాయి, ధర చూస్తే ఇంత చీపా అనిపిస్తుంది, కానీ లేబుల్ కింద చిన్న అక్షరాల్లో 42 ప్రూఫ్ అని ఉంటుంది. ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం. అంటే 21 శాతం, నీళ్ళు కలిపి పలచన చేసిన సరుకు. ఏజెన్సీ కాని షాపులో దొరికేది అదే. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. అసలు సరుకున్న ఏజెన్సీ మా ఇంటికి పది నిమిషాల దూరంలోనే ఒక కిరాణా షాపులో వేరే కౌంటర్‌గా ఉంది. 750 మిల్లీ సీసా, టాక్స్‌తో కలిపి ముప్పై డాలర్ల లోపే అయింది. లేబుల్ మీద 101 ప్రూఫ్, అంటే 50.5 శాతం. ఇండియాలో మనం తాగే విస్కీలు మామూలుగా 42.8 శాతం ఉంటాయి. ఆ ఏడెనిమిది శాతం తేడా కాగితం మీద చిన్నదే, నోట్లో చాలా పెద్దది.

అక్టోబరు రెండో వారం, శుక్రవారం రాత్రి. పిల్లాడు పడుకున్నాక అలవాటు ప్రకారం ఒక లార్జ్ పోసి, స్టఫ్‌కి చికెన్ పకోడీ పెట్టుకుని కూర్చున్నా. గ్లాసు ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చానో లేదో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక గుక్క వేస్తే నాలుక చివరి నుంచి ఛాతీ దాకా ఒకటే మంట, దాని మీద పకోడీలోని కారం తోడైంది. మా ఆవిడ చూసి "డబ్బులిచ్చి మరీ ఎందుకీ శిక్ష" అంది. సోడా కలిపా. మంట తగ్గింది, దాంతోపాటు విస్కీ కూడా పోయింది, తియ్యటి సోడా తాగుతున్నట్టే ఉంది. తర్వాతి వారాలు కూడా ఇంచుమించు ఇదే కథ. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు కోపం సీసా మీద కాదు, దాన్ని రివ్యూల్లో వెనిలా అంట, కారమెల్ అంట, నారింజ తొక్క అంట అని పేజీలకు పేజీలు రాసేవాళ్ళ మీద. నాకు మంట తప్ప ఏమీ తెలియట్లేదు, వీళ్ళకి ఇన్ని ఎక్కడ కనపడుతున్నాయి అని.

నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్‌కి గ్రెగ్ వాళ్ళింటికి పిలిచాడు. భోజనానికి ముందు తన సీసా తీశాడు, అదే 101. పోసింది మాత్రం అర ఔన్సు, అంటే మన లెక్కలో పదిహేను మిల్లీ. పోసి పక్కన పెట్టేసి టర్కీ కోడి ఎంతసేపు కాల్చాలో మాట్లాడుతున్నాడు. నేను గ్లాసు వైపు చూస్తుంటే "పది నిమిషాలు వదిలేయ్, పైన ఉన్న ఆవిరి పోనీ" అన్నాడు. తర్వాత వాసన చూసే పద్ధతి చెప్పాడు. ముక్కు గ్లాసులో దూర్చకూడదు, అంచు దగ్గర పెట్టి నోరు కొద్దిగా తెరిచి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. నోరు తెరవడం వల్ల ఘాటు ముక్కుకి కొట్టదు. చేసి చూడండి, నమ్మలేనంత తేడా. మొదటి గుక్క నోరు తడవడానికి మాత్రమే, దాని మీద ఏ అభిప్రాయమూ పెట్టుకోకూడదట. రెండో గుక్కని మింగకుండా కాసేపు నోట్లో నములుతున్నట్టు తిప్పాలి. దీన్ని ఇక్కడ కెంటకీ చ్యూ అంటారు, జిమ్ బీమ్ వంశానికి చెందిన బుకర్ నో అనే ఆయన పేరు చెప్తారు దీనికి. ఆ రోజు నాకు వెనిలా తెలిసిందని అబద్ధం చెప్పను. కానీ మంట చివర్లో వచ్చింది, మొదట్లో కాదు. మధ్యలో తీపి లాంటిదేదో ఒక్క క్షణం ఉండి పోయింది. అంతే, కానీ ఆ ఒక్క క్షణానికే ఆసక్తి కలిగింది.

ఇంటికొచ్చాక రెండు మార్పులు చేశా. ఒకటి, కింద గుండ్రంగా ఉండి పైకి సన్నబడే గ్లెన్‌కెర్న్ గ్లాసులు రెండు తెప్పించా, రెండూ కలిపి పాతిక డాలర్ల లోపే. వెడల్పు గ్లాసులో వాసన నిలవదు, ఇందులో నిలుస్తుంది. ఇది హడావిడి కోవలోది కాదు, నిజంగా పనికొచ్చే ఖర్చు. రెండోది, స్టఫ్ మానేశా. ఇది మనవాళ్ళకి చెప్తే సిట్టింగ్‌లోంచి లేచిపోతారు, తెలుసు. కానీ కారం తిన్న నాలుకకి 50 శాతం ఆల్కహాల్ తగిలితే ఇక రుచేం తెలుస్తుంది? భోజనానికి గంట ముందు, ఒట్టి నోటితో, 30 మిల్లీ. పక్కన గ్లాసుడు మంచినీళ్ళు. బాగా ఆకలేస్తే ఉప్పు తక్కువున్న వేయించిన వేరుశనక్కాయలు, అంతే.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏమీ కలపకుండా నీట్‌గా తాగితేనే మగాడు అన్నట్టు మాట్లాడే బ్యాచ్ ఒకటుంది. చెంచాతో నాలుగైదు చుక్కల నీళ్ళు వేస్తే 101 మూత తీసినట్టు తెరుచుకుంటుంది, వాసన పెరుగుతుంది, మంట తగ్గుతుంది. చెంచాడు పోస్తే ఇంకా మెత్తబడుతుంది. గ్లాసు నిండా పోస్తే మళ్ళీ మొదటికే. ఎంత వెయ్యాలో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి, నాకు కుదరడానికి డిసెంబరంతా పట్టింది.

జనవరిలో ఒక రాత్రి బయట మంచు, స్కూళ్ళకి సెలవు ఇచ్చేశారు. గ్లాసులో పోసుకున్నాక పిల్లాడు లెగో ఏదో ఊడిపోయిందని పిలిస్తే వెళ్ళి అరగంట అక్కడే ఉండిపోయా. తిరిగొచ్చి గ్లాసు తీసుకుంటే, చిన్నప్పుడు మా మేనమామ గారి ఊళ్ళో చెరకు గానుగ దగ్గర, పెనంలో బెల్లం పాకం దించబోయే ముందు వచ్చే వాసన. కొంచెం మాడినట్టు, కొంచెం పొగ, దాని కింద తీపి. కూర్చుండిపోయా. రివ్యూల్లో వాళ్ళు కారమెల్ అంటున్నది ఇదేనని అప్పుడు తెలిసింది. కారమెల్ నా జ్ఞాపకాల్లో లేదు, కాబట్టి నా ముక్కు దాని కోసం వెతకలేదు. అప్పటి నుంచి రివ్యూలు చదవడం ఆపేశా. ఆ తర్వాతి వారాల్లో మెల్లగా మిగతావి తెలిశాయి: దాల్చినచెక్క, మిరియం, చివర్లో ఎండిన చెక్క వగరు. మింగాక ఛాతీలో వచ్చే వెచ్చదనం మొదట మంట అనుకున్నదే, కానీ ఇప్పుడు దాని కోసమే ఎదురుచూస్తున్నా.

ఆ బెల్లం వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోకుండా ఉండలేకపోయా. బర్బన్ అనాలంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, అమెరికాలోనే తయారవ్వాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. పీపా లోపలి వైపు మంట పెట్టి కాలుస్తారు, వైల్డ్ టర్కీ వాళ్ళయితే అన్నిటికన్నా ఎక్కువగా కాల్చే నాలుగో నంబరు వాడతారు. పైన బొగ్గు పొర, దాని కింద చెక్కలోని చక్కెరలు కాగి ఎర్రబడ్డ పొర ఏర్పడతాయి. విస్కీ ఏళ్ళ తరబడి ఆ పొరలోకి వెళ్తూ వస్తూ రంగు, వాసన లాక్కుంటుంది. స్ట్రెయిట్ బర్బన్‌లో రంగు కలపడానికి వీల్లేదు, ఆ ఎర్రదనమంతా చెక్కదే. 101లో ఆరు నుంచి ఎనిమిదేళ్ళు పీపాల్లో ఉన్న విస్కీ కలుపుతారు. గ్రెగ్‌కి బాగా ఇష్టమైన లెక్క ఇంకోటుంది. చట్టం ప్రకారం 125 ప్రూఫ్ దాకా పీపాలో పొయ్యొచ్చు, వీళ్ళు 115కే పోస్తారు. అందువల్ల సీసాలో నింపేటప్పుడు నీళ్ళు తక్కువ కలిపితే సరిపోతుంది, రుచి పలచబడదు అంటాడు.

ఫిబ్రవరి సగం జలుబుతో పోయింది. ముక్కు పనిచెయ్యకపోతే విస్కీ దండగ, కాబట్టి సీసా ముట్టలేదు. తిరిగి తీసినప్పుడు ముందుకన్నా మెత్తగా అనిపించింది. తెరిచిన సీసా గాలి తగిలి మారుతుందని కొందరంటారు. మారింది సీసా కాదు, నా నాలుకేనని నా నమ్మకం. అదే నెలలో హైదరాబాద్ నుంచి ఫ్రెండ్ ఫోన్ చేసి "బర్బన్ మీద సుంకం తగ్గించారంటరా, ఇక చీపే కదా" అన్నాడు. ఇండియా దిగుమతి సుంకం 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించిన మాట నిజమే, కానీ దాని మీద రాష్ట్రం పన్నులు వేరే ఉంటాయి కదా. వాడు షాపులో రేటు అడిగి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

సీసా అయిపోయాకే ఇంకోటి అన్న మాట ప్రకారం మార్చి దాకా ఆగా. ఆగాక కోవింగ్టన్‌లో, అంటే నదికి అవతలి ఒడ్డున కెంటకీ వైపు ఒక బార్‌కి గ్రెగ్, నేను, ఇంకో ఇద్దరం వెళ్ళాం. మేకర్స్ మార్క్, ఫోర్ రోజెస్ అనే వేరే రెండు బర్బన్లు, వాటితో పాటు 101 చిన్న చిన్న గ్లాసుల్లో వరసగా, ఏది ఏదో చెప్పకుండా పెట్టించాడు. మనిషికి పాతిక డాలర్ల చిల్లర. నేను 101ని వాసనతోనే పట్టేశా, చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ రాత్రంతా గర్వంగా ఉంది. మేకర్స్ మార్క్‌లో మొక్కజొన్నతో పాటు రై అనే ధాన్యం బదులు గోధుమ వాడతారు, ఆల్కహాల్ కూడా 45 శాతమే, అందుకే మెత్తగా జారిపోతుంది. మంట భయమున్నవాళ్ళు దాంతో మొదలెట్టినా తప్పులేదు. ఫోర్ రోజెస్ పళ్ళ వాసనతో తేలిగ్గా ఉంది. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప రై గింజ ఇచ్చే ఆ మిరియాల పోటు ఏమిటో నాకు విడిగా తెలిసేది కాదు. నెలల తరబడి చదివినదానికన్నా ఆ ఒక్క సాయంత్రం ఎక్కువ నేర్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, అరుదైన సీసాల వేట గురించి. ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో "బ్లాంటన్స్ వచ్చిందట, ఫలానా షాపు, పరిగెత్తండి" అని మెసేజ్‌లు. మూత మీద గుర్రం బొమ్మ ఉండే బర్బన్ సీసా అది, ఎనిమిది రకాల గుర్రాలు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం, అన్నీ పోగేస్తే పేరులో అక్షరాలు పూర్తవుతాయి. ఒక్కో పీపా విడివిడిగా సీసాల్లో నింపి అమ్మడం 1984లో దాంతోనే మొదలైంది కాబట్టి చరిత్ర ఉంది, కాదనను. కానీ కెంటకీ వైపు ఒక షాపులో దానికి అడిగిన రేటుకి 101 సీసాలు అరడజను పైనే వస్తాయి. ఫ్రెండ్ ఇంట్లో తాగి చూశా, బావుంది. ఆరు సీసాల బావుండడం మాత్రం కాదు. అరుదైన సీసాలకి ఒహాయోలో లాటరీలు కూడా పెడతారు. పేరిచ్చా, రాలేదు, రెండో రోజుకి మర్చిపోయా.

డిస్టిలరీకి, అంటే బర్బన్ తయారయ్యే చోటికి వెళ్దామని ఏప్రిల్‌లో ప్లాన్. ఆ నెల మొదటి వారంలో వానలకి కెంటకీ నది పొంగి ఆ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ మునిగింది, ఒడ్డునే ఉన్న బఫెలో ట్రేస్ డిస్టిలరీలోకి నీళ్ళొచ్చాయి. మా మొదటి ప్లాన్ అదే. వాయిదా పడింది. ఈలోపు మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. సీసాలు కౌంటర్ మీంచి గ్యారేజీలో ఇస్త్రీ బల్ల వెనక్కి మారాయి. మా ఇంట్లో ఈ విషయం అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు, అదో ఒప్పందం. నాన్న గ్యారేజీలో సుత్తి వెతుక్కుంటూ సీసా చూసి, రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ అటు తిరగ్గానే "ఏరా, అది మొక్కజొన్నతో చేస్తారంటగా" అన్నాడు. మా నాన్న తాగడు. జంగారెడ్డిగూడెం దగ్గర పొగాకు, మొక్కజొన్న వేసిన రైతు ఆయన, ఇప్పుడు కౌలుకిచ్చేశాడు. ఆయన ఆసక్తి గింజ మీద.

జూన్‌లో ఒక శనివారానికి మూడు వారాల ముందు ఆన్‌లైన్‌లో వైల్డ్ టర్కీ డిస్టిలరీకే టూర్ బుక్ చేశా. శనివారాలు తొందరగా నిండిపోతాయి, ముందే చూసుకోండి. టూర్లకి కలిపి అయినదానికన్నా పెట్రోలు, దారిలో భోజనం, అమ్మ కొన్న ఫ్రిజ్ మాగ్నెట్లు ఎక్కువయ్యాయి. డ్రైవింగ్ వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మా ఆవిడదే. దీని మీద మాత్రం జోకులు వద్దు. ఒహాయో, కెంటకీ రెండింటిలోనూ పరిమితి 0.08 శాతం. పైగా మనలో చాలామందికి హెచ్1బి. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, శిక్ష పడకపోయినా వీసా రద్దు చెయ్యొచ్చు. టేస్టింగ్‌లో పోసేది తక్కువే కదా అని లెక్కలేసుకునే బదులు తాగనివాళ్ళకి తాళాలు ఇచ్చెయ్యండి. తెరిచిన సీసా ఉంటే ట్రంక్‌లో పెట్టండి, సీటు దగ్గర కాదు.

మేసన్ నుంచి ఆ డిస్టిలరీ ఉన్న లారెన్స్‌బర్గ్‌కి రెండు గంటల పైన పట్టింది. లెక్సింగ్టన్ దాటాక గుర్రాల కంచెలు, పొలాలు. డిస్టిలరీ కెంటకీ నదికి పైన కొండ మీద ఉంది. కారు దిగగానే నాన్న విజిటర్ సెంటర్ వైపు చూసి "ఇదేంట్రా, పొగాకు బ్యారన్ లాగుంది" అన్నాడు, పొగాకు ఆరబెట్టే కొట్టం అన్నమాట. తర్వాత గైడ్ చెప్పింది, నిజంగానే దాన్ని కెంటకీ పొగాకు బ్యారన్ల ఆకారంలో కట్టారట. ఇక్కడా తరతరాలుగా పొగాకు పండించారు. ఇక నాన్నని పట్టుకోలేకపోయాం. గైడ్ ఒక పెద్దావిడ, ఓపిక ఎక్కువ. ఆయన తెలుగులో అడగడం, నేను ఇంగ్లిష్‌లో చెప్పడం, మిగతా జనం కూడా ఈయన తర్వాత ఏం అడుగుతాడా అని చూడడం.

గింజలో పిండి పదార్థం తీసేశాక మిగిలిన పిప్పి ఏం చేస్తారు? పశువుల దాణాకి పోతుంది. నాన్న తల ఊపాడు, అది ఆయనకి తెలిసిన లెక్క. పీపా మళ్ళీ వాడొచ్చు కదా, కొత్తది ఎందుకు? బర్బన్‌కి వీల్లేదు, చట్టం. మరి పాతవి? స్కాట్లాండ్‌కి వెళ్తాయి, వాళ్ళు స్కాచ్ పెట్టుకుంటారు. "అంటే వీళ్ళు వాడి పడేసిన దాంట్లోనే మీ వాళ్ళంతా గొప్పగా చెప్పుకునే స్కాచ్ తయారవుతుందా" అని నా వైపు చూశాడు. మా సింగిల్ మాల్ట్ బ్యాచ్‌కి ఈ ప్రశ్న ఫార్వర్డ్ చేశా.

పులియబెట్టే తొట్ల దగ్గర అమ్మ ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయింది. నాకైతే ఎక్కువ నచ్చింది గోడౌన్. ఏడంతస్తులు, లోపలంతా చెక్క, ఒక్కో వరసలో 53 గ్యాలన్ల పీపాలు పడుకోబెట్టి ఉన్నాయి. హీటర్ లేదు, ఏసీ లేదు. ఎండాకాలం పై అంతస్తులు కాగిపోతాయి, విస్కీ చెక్కలోకి దూరుతుంది, చలికాలం వెనక్కొస్తుంది. కింద అంతస్తులో నిదానంగా, పైన తొందరగా. అందుకే ఒకే రోజు పోసిన రెండు పీపాలు ఒకేలా ఉండవు, 101 ప్రతిసారీ ఒకే రుచి రావాలంటే వేరువేరు అంతస్తుల్లోవి కలపాలి. లోపలికి అడుగుపెట్టగానే ఆ జనవరి రాత్రి వాసనే, కానీ గది నిండా. ఏటా కొన్ని శాతం ఆవిరై పోతుంది, పోయినదాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ ఆవిరిని తిని బతికే నల్లటి బూజు గోడల మీద, చుట్టుపక్కల చెట్ల మొదళ్ళ మీద మసి పూసినట్టు పట్టి ఉంది. నాన్న చెట్టు బెరడు గోకి మరీ చూశాడు. 2000 మేలో ఇక్కడే ఒక గోడౌన్ తగలబడి, మండుతున్న విస్కీ కొండ మీంచి కెంటకీ నదిలోకి పారింది, చేపలు చచ్చిపోయాయి. అది విన్నాక నాన్న గోడౌన్లో గట్టిగా మాట్లాడడం మానేశాడు, ఎందుకో.

పీపాల్లో నిలవ ఉన్న సరుకు మీద కెంటకీలో ఏటా పన్ను కూడా ఉంది. 2026 నుంచి కొద్దికొద్దిగా తగ్గించి 2043కల్లా ఎత్తేస్తారట. "అమ్ముడుపోని సరుకు మీద పన్నా, పైగా ఆవిరైపోతుంటే" అని నాన్న నిజంగానే బాధపడ్డాడు. ఇక్కడ విస్కీ తయారీ చూసే జిమ్మీ రసెల్ 1954లో చేరారని గైడ్ చెప్పింది, కొడుకు ఎడ్డీ 1981లో, ఇప్పుడు మనవడు కూడా ఇదే పనిలో. 1954 మా నాన్న పుట్టిన ఏడాది. ఆయన పుట్టినప్పటి నుంచి ఒక మనిషి ఒకే పని చేస్తున్నాడని విని కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "రైతే మరి" అన్నాడు.

టేస్టింగ్‌లో నాలుగు చిన్న గ్లాసులు. 101 ఉంది, పీపాలోంచి తీసింది నీళ్ళు కలపకుండా నింపే రేర్ బ్రీడ్ ఉంది, పదేళ్ళ రసెల్స్ రిజర్వ్ ఉంది, ఇంకోటి తేనె కలిపిన రకం, అది నాకు దగ్గు మందే. రేర్ బ్రీడ్ 101కి అన్నయ్య, అదే రుచి ఇంకా దట్టంగా. నాన్న తన గ్లాసు ముట్టలేదు, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడమంటే చూశాడు. "బాగానే ఉంది వాసన" అని నా వైపు జరిపేశాడు. నేను దాన్ని తాగలేదు, అప్పటికే నా వంతు అయిపోయింది.

జులై ఎండల్లో ఒట్టిగా తాగడం కష్టమైంది. నాలుగో తారీకు వెనక పెరట్లో 101తో ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ చేశా: చక్కెర చెంచాలో సగం, అంగోస్తురా బిటర్స్ అనే చేదు సారం మూడు చుక్కలు, పెద్ద ఐస్ గడ్డ, నారింజ తొక్క పైన పిండి అంచుకి రుద్దడం. బిటర్స్ సీసా పది డాలర్ల పైనే, కానీ ఏడాది వస్తుంది. ఇక్కడ 101 అసలు బలం కనిపిస్తుంది. 40 శాతం విస్కీ ఐస్ కరిగేకొద్దీ నీళ్ళయిపోతుంది, ఇది పావుగంట తర్వాత కూడా నిలబడుతుంది. శిక్ష అన్న మా ఆవిడే రెండోసారి చెయ్యమంది.

ఆగస్టులో అమ్మా నాన్నా వెళ్ళిపోయేటప్పుడు బాబాయికి ఒక సీసా పంపాలనుకున్నా. రూల్స్ చూశా: 24 నుంచి 70 శాతం మధ్య ఉంటే చెక్-ఇన్ పెట్టెలో మనిషికి ఐదు లీటర్ల దాకా విమానంలో ఒప్పుకుంటారు, సీల్ తియ్యకూడదు. ఇండియా కస్టమ్స్‌లో సుంకం లేకుండా రెండు లీటర్లు. లెక్క కుదిరింది, అమ్మ కుదరలేదు. ఆవకాయ తెచ్చిన పెట్టెలో మందు పెట్టేది లేదంది. నాన్న రాత్రికి రాత్రి దుప్పటిలో చుట్టి తన పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు, "అడిగితే మొక్కజొన్న అని చెప్తా" అన్నాడు. సీసా క్షేమంగా చేరింది. బాబాయి ఫోన్ చేసి "ఘాటు బాగుందిరా, కానీ ఫుల్ సోడా కొట్టాల్సి వచ్చింది" అన్నాడు. చుక్కల నీళ్ళు, పది నిమిషాలు అంటూ మొదలుపెట్టాను గానీ ఆయన అప్పటికే క్రికెట్ గురించి మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు ఇంట్లో 101 సగం సీసా, సీల్ తియ్యని రేర్ బ్రీడ్ ఒకటి ఉన్నాయి. అక్టోబరులో ఫోర్ రోజెస్ డిస్టిలరీ టూర్‌కి బుక్ చేశా, అది కూడా లారెన్స్‌బర్గ్‌లోనే. రెండు రకాల గింజల మిశ్రమాలు, ఐదు ఈస్టులు, వాటితో పది రకాల విస్కీలు చేస్తారు వాళ్ళు, గ్రెగ్ కూడా వస్తానన్నాడు. వాట్సాప్ గ్రూప్‌లోంచి ఇంకో ఇద్దరు రెడీ. అందరూ తాగుతారట, కారు ఎవరు నడపాలన్నది ఇంకా తేలలేదు, మా ఆవిడైతే ఈసారి రానని చెప్పేసింది.